కొండ రాయికి గుర్తింపు వచ్చింది, తీరం బురద సంగతేంటి? పాత సునామీల ఆనవాళ్లను కాపాడటంలో ఉన్న చిక్కులు

2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో మన దేశం నుంచి ఏడు ప్రకృతి స్థలాలు కొత్తగా చేరాయి. అందులో రెండు ఆంధ్రప్రదేశ్‌వే. ఒకటి విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు, రెండోది తిరుమల కొండలు. తాత్కాలిక జాబితాలో చేరితే హోదా వచ్చేసినట్టు కాదు. ముందుముందు ఈ స్థలాలను ప్రతిపాదిస్తామని దేశం చెప్పుకోవడం, అంతే. అయినా తిరుపతి వాళ్లకు అది మంచి కబురే. ఇన్నేళ్లూ శిలాతోరణం ముందు ఫొటోలు దిగాం, ఘాట్ రోడ్డు మలుపుల్లో కొండ రాయిని చూసీ చూడనట్టు బస్సులో వెళ్లిపోయాం. ఆ రాయికి భక్తితో సంబంధం లేని విలువ కూడా ఒకటి ఉందని ఇప్పుడు నలుగురూ మాట్లాడుకుంటున్నారు.

ఈ జిల్లాకు ఇంకో అంచు ఉంది. పాత చిత్తూరు జిల్లాకు సముద్రమే లేదు. 2022 ఏప్రిల్లో జిల్లాలను విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, తడ, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. వాటితో పాటు, పెద్దవాళ్లు ప్రళయకావేరి అని పిలిచే పులికాట్ సరస్సూ వచ్చింది. కొండ మీద రాయిని కాపాడటమంటే ఎవరికైనా అర్థమవుతుంది. తీరంలో కాపాడాల్సిన భూగర్భ వారసత్వం ఏముంటుంది? ప్రపంచంలోని చాలా తీరాల్లో ఈ ప్రశ్నకు దొరికే ఒక జవాబు, పాత భూకంపాలూ సునామీలూ మట్టిలో వదిలిన ఆనవాళ్లు. చూడటానికి అక్కడ ఏమీ ఉండదు. బెత్తెడు మందాన ఇసుక పొర, నల్లటి బురద, ఎప్పుడో చచ్చిన చెట్ల మొదళ్లు. వాటికి అంత విలువ ఎందుకో, కాపాడటం ఎందుకంత కష్టమో చూద్దాం.

భూకంపం తీరంలో మిగిల్చేవి రెండు

మహా సునామీలు ఎక్కువగా పుట్టేది ఒక భూఫలకం, అంటే భూమి పైపెంకులోని ఒక పెద్ద ముక్క, ఇంకో ఫలకం కిందికి దూరే చోట. దాన్ని సబ్‌డక్షన్ జోన్ అంటారు. మనకు దగ్గర్లో ఉన్నది సుమత్రా నుంచి నికోబార్, అండమాన్ దీవుల మీదుగా మయన్మార్ వైపు సాగే వంపు. కిందికి పోయే ఫలకం పై ఫలకపు అంచును గట్టిగా పట్టుకుని తనతో పాటు లాగుతుంది. బల్ల అంచున ప్లాస్టిక్ స్కేలును వంచి పట్టుకున్నట్టు, పై ఫలకం వందల ఏళ్ల పాటు అలా వంగుతూనే ఉంటుంది. పట్టు జారిన రోజున దాని కొస ఎగిరిపడుతుంది. వెనక ఉబ్బిన భాగం కుంగుతుంది. సముద్రం అడుగున జరిగే ఆ కదలికే పైనున్న నీటిని తోస్తుంది.

దీని ఆనవాళ్లు రెండు రకాలు. మొదటిది, నేల ఎత్తు మారడం. 2004 డిసెంబరు 26న ఉత్తర అండమాన్ పడమటి ఒడ్డున పగడపు దిబ్బలు నీళ్లలోంచి పైకి లేచి, ఎండకు చచ్చిపోయాయి. అదే రోజు మన దేశపు దక్షిణ కొస ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా కుంగింది. నేల మీదున్న లైట్‌హౌస్ మొదలు నీళ్లలోకి వెళ్లింది. న్యూజిలాండ్‌లో టురాకిరే హెడ్ అనే చోట పాత సముద్రపు ఒడ్డులు గులకరాళ్ల గట్లుగా మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. ఒక్కో పెద్ద భూకంపానికి తీరం లేచిన కొద్దీ ఒక్కో గట్టు నీటికి దూరమైంది. వాటిలో ఒకటి 1855 భూకంపానికి లేచింది. ఆ చోటును వాళ్లు సైంటిఫిక్ రిజర్వుగా కాపాడుతున్నారు.

రెండోది, అల మోసుకొచ్చిన ఇసుక. సునామీ అల ఒడ్డునున్న ఇసుకనూ, లోతు తక్కువ ఉన్న సముద్రపు అడుగునూ పెకలించి లోపలికి తెస్తుంది. వేగం తగ్గిన చోటల్లా వదిలేస్తుంది. ఆ చోటు బురద నేలైతే, తర్వాతి ఏళ్లలో మళ్లీ బురద పేరుకుని ఆ ఇసుకను కప్పేస్తుంది. అలా రెండు బురద పొరల మధ్య ఇసుక చిక్కుకుపోతుంది.

ఆంధ్ర తీరానికి పక్కన ఫలకాల సరిహద్దు లేదు. కాబట్టి భూకంపానికి లేచిన తీరాలు ఇక్కడ వెతకాల్సిన పని లేదు. ఎక్కడో పుట్టిన అల ఇక్కడికి వస్తుంది, అంతే. 2004లో భూకంపం మన టైము ప్రకారం ఉదయం 6.29కి వచ్చింది, తొమ్మిది ప్రాంతంలో అలలు తూర్పు తీరాన్ని తాకాయి. మన రాష్ట్రంలోనే వంద మందికి పైగా చనిపోయారు. మన దగ్గర మట్టిలో ఏమైనా మిగిలితే అది ఈ రెండో రకం ఆనవాలే.

అడవి చచ్చిన ఏడాది, అల చేరిన రాత్రి

మట్టి పొరల నుంచి తేదీ దాకా ఎలా వెళ్తారో చూపించే మంచి ఉదాహరణ అమెరికా పడమటి తీరంలో ఉంది. వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల దగ్గర కాస్కేడియా అనే సబ్‌డక్షన్ జోన్ ఉంది. అక్కడ రాతలో ఉన్న చరిత్ర రెండు వందల ఏళ్లకు మించదు. ఆ కాలంలో మహా భూకంపం ఒక్కటీ లేదు. అందుకని ఈ జోన్ ప్రమాదం లేనిదేమో అని 1980ల దాకా చాలామంది అనుకున్నారు.

1986లో బ్రయాన్ ఆట్‌వాటర్ అనే అమెరికా భూగర్భ శాస్త్రవేత్త అక్కడి ఉప్పునీటి కయ్యల గట్లను చెక్కి చూడటం మొదలుపెట్టాడు. పైన పోటు నీళ్లు తెచ్చిన బూడిదరంగు బురద. కింద ఒకప్పుడు గడ్డి మొలిచిన నల్లటి నేల. రెంటికీ మధ్య పలచగా ఇసుక. ఆ ఇసుకలో గడ్డి కాడలు ఇంకా నేలకు అంటుకునే ఉన్నాయి. గడ్డి కుళ్లిపోయే లోపే ఇసుక కప్పేసిందన్న మాట. నేల మెల్లగా మునిగి ఉంటే అలా మిగలవు. నేల ఒక్కసారిగా కుంగింది, వెంటనే అల వచ్చింది.

ఇక తేదీ. కోపాలిస్ నది ఒడ్డున రెడ్ సీడార్ చెట్లు మోడులై ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. నేల కుంగినప్పుడు వేళ్లకు ఉప్పునీళ్లు తగిలి చచ్చిన చెట్లవి. వాటి వలయాలు లెక్కపెడితే చివరి వలయం 1699ది. అంటే 1699 ఎండాకాలం పెరుగుదల ముగిశాక, 1700 వసంతం మొదలయ్యే లోపు ఆ చెట్లు చచ్చాయి. జపాన్ ఊళ్ల రికార్డుల్లో 1700 జనవరి 27 అర్ధరాత్రి ప్రాంతంలో వచ్చిన ఒక సునామీ ఉంది. దాని ముందు భూకంపం వచ్చినట్టు అక్కడ ఎవరూ రాయలేదు. కెంజీ సటాకే, ఆయన సహచరులు 1996లో ఈ రెంటినీ కలిపారు. పసిఫిక్ దాటడానికి అలకు సుమారు 10 గంటలు పడుతుంది. జపాన్ అర్ధరాత్రి నుంచి 10 గంటలు వెనక్కి వెళ్తే అక్కడి టైములో మధ్యాహ్నం 2. అమెరికా పడమటి తీరం టైము జపాన్ కంటే 17 గంటలు వెనక. కాబట్టి అక్కడ భూకంపం వచ్చింది జనవరి 26 రాత్రి 9 ప్రాంతంలో. తీవ్రత దాదాపు 9.

బురద గట్టు ఒకటి, మోడువారిన చెట్లు కొన్ని, జపాన్ కాగితాలు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా లెక్క పూర్తయ్యేది కాదు. కాస్కేడియా తీరంలో ఇవాళ భవనాల నిబంధనలు, బడి పిల్లల సునామీ డ్రిల్లులు ఆ లెక్క మీదే ఆధారపడ్డాయి.

బంగాళాఖాతం చుట్టూ ఏం దొరికింది

2004 తర్వాత అందరినీ తొలిచిన ప్రశ్న ఒకటే. ఇలాంటిది ఇంతకుముందు వచ్చిందా? 2008లో రెండు జవాబులు వచ్చాయి. థాయ్‌లాండ్‌లోని ఫ్రా థాంగ్ దీవిలో ఇసుక దిబ్బల మధ్య పల్లాలున్నాయి. అక్కడ 2004 ఇసుక కింద నల్లటి కుళ్లుమట్టి, దాని కింద అలాంటిదే ఇంకో ఇసుక పొర దొరికింది. అది 550 నుంచి 700 ఏళ్ల నాటిది. సుమత్రాలోని అచే తీరంలో వేరే బృందానికి దొరికిన పొర క్రీ.శ. 1290–1400 మధ్యది. రెండూ దగ్గర దగ్గరగా ఒకే కాలానివి.

అంతకంటే అరుదైనది అచేలో ఒక సముద్రపు గుహ. అందులో సునామీ ఇసుక పొరల మధ్య గబ్బిలాల పెంట పేరుకుని ఉంది. 2,900 ఏళ్ల కిందటికి ముందు, దాదాపు 7,400 ఏళ్ల దాకా వెనక్కి వెళ్లే ఆ పొరల్లో 11 సునామీల ఆనవాళ్లున్నాయి. సగటు తీస్తే సుమారు 450 ఏళ్లకు ఒకటి. ఆ సగటును నమ్ముకుంటే మాత్రం మోసపోతాం. ఒకచోట 2,000 ఏళ్లకు పైగా ఏమీ లేదు, ఇంకోచోట వందేళ్లలోనే ఒకటి కంటే ఎక్కువ వచ్చాయి. 2,900 ఏళ్ల కంటే కొత్త పొరలు గుహలో ఎందుకు లేవంటే 2004 అలే వాటిని ఊడ్చేసింది. రికార్డును చెరిపేవాటిలో తర్వాత వచ్చే సునామీ కూడా ఒకటన్న సంగతి గుర్తుంచుకోండి.

మనకు దగ్గర్లో మామల్లపురం పక్కన సాళువన్‌కుప్పం ఉంది. 2004 అల అక్కడ ఇసుకను కోసేస్తే రాతి మీద శాసనం బయటపడింది. దాన్ని పట్టుకుని 2005లో పురావస్తు శాఖ తవ్వితే పాత మురుగన్ గుడి దొరికింది. ఆ గుడి పాడవడానికి సముద్రపు అలే కారణమని అక్కడ తవ్వినవాళ్ల అభిప్రాయం. ఆ అల సునామీదా తుపానుదా? ఆ ప్రశ్నకు ముందు పొరల లెక్క ఎలా వేస్తారో ఒకసారి చూడాలి.

ఒక గొట్టం మట్టితో లెక్క వేద్దాం

ఇది ఊహించుకున్న ఉదాహరణ. తడ వైపు ఎక్కడో ఇసుక దిబ్బల మధ్య ఒక పల్లంలో చేతి ఆగర్ దింపాం అనుకోండి. సగానికి చీల్చిన గొట్టంలాంటి పనిముట్టు అది. పైకి లాగి చాకుతో పైపైన గీస్తే పొరలు తేలతాయి. పైనుంచి కిందికి ఇలా ఉన్నాయి: 2 సెంటీమీటర్ల బురద, 8 సెంటీమీటర్ల ఇసుక, 60 సెంటీమీటర్ల బురద, 5 సెంటీమీటర్ల ఇసుక, 20 సెంటీమీటర్ల బురద, 3 సెంటీమీటర్ల ఇసుక. ఈ పల్లంలో బురద ఏడాదికి 1 మిల్లీమీటరు చొప్పున పేరుకుంటుందని, పైనున్న ఇసుక 2004దని తెలుసు.

రెండో ఇసుక పొర 70 సెంటీమీటర్ల లోతులో మొదలవుతుంది. 70 సెంటీమీటర్లంటే 700 ఏళ్లు అనుకుంటే తప్పు. ఇసుక పడటానికి ఏళ్లు పట్టదు, గంటల్లో పడిపోతుంది. బురదనే లెక్కపెట్టాలి. రెండు ఇసుకల మధ్య బురద 60 సెంటీమీటర్లు, అంటే 2004కు 600 ఏళ్ల ముందు, సుమారు 1400. దాని కింద 20 సెంటీమీటర్ల బురద అంటే ఇంకో 200 ఏళ్లు, సుమారు 1200. మూడు సునామీలు, వాటి మధ్య రెండు విరామాలు, సగటు 400 ఏళ్లు.

ఇక్కడి నుంచి చిక్కులు. అల వచ్చేటప్పుడు పైనున్న బురదను కొంత గీకేసి ఉంటుంది. 5 సెంటీమీటర్లు గీకేసినా 50 ఏళ్లు లెక్కలోంచి మాయం. బురద ఏడాదికి ఒకే తీరుగా పేరుకోదు. అందుకే రేడియోకార్బన్ పరీక్ష చేస్తారు. చచ్చిన చెట్టులోనో గుల్లలోనో మిగిలిన కార్బన్‌ను బట్టి దాని వయసు కట్టే పద్ధతి అది. అందులోనూ మెలిక ఉంది. ఇసుకలో దొరికిన కర్ర ముక్క సునామీ కంటే వందేళ్ల ముందే చచ్చిన చెట్టుది కావచ్చు. గుల్లలైతే సముద్రపు నీటిలోని పాత కార్బన్ వల్ల అసలు వయసు కంటే వందల ఏళ్లు పాతగా కనిపిస్తాయి. ఇసుక రేణువు చివరిసారి వెలుతురు చూసింది ఎప్పుడో చెప్పే ఇంకో పద్ధతి ఉంది. దానికి వెలుతురు తగలకుండా, మూసిన గొట్టంలోనే శాంపిల్ తీయాలి.

ఈ గొట్టం మొత్తం పొడవు 98 సెంటీమీటర్లు. అక్కడ రొయ్యల గుంట కోసం పొక్లెయిన్ ఒక మీటరు తవ్వితే ఎనిమిది వందల ఏళ్ల లెక్క ఒక మధ్యాహ్నంలో గట్టు మట్టిలో కలిసిపోతుంది.

సునామీదా, తుపానుదా

మన తీరంలో ఈ ప్రశ్న తప్పించుకోలేనిది. 1977 దివిసీమ ఉప్పెన ఎంత లోపలికి వచ్చిందో కోస్తాలో చెప్పని ఇల్లు లేదు. 1984 నవంబరు తుపాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. ఉప్పెన కూడా ఇసుకను లోపలికి తెస్తుంది.

తేడా అలల తీరులో ఉంది. తుపాను అలలు కొన్ని సెకన్లకు ఒకటి చొప్పున గంటల తరబడి కొడతాయి. కాబట్టి సన్నటి పొరలు ఒకదాని మీద ఒకటి చాలా పడతాయి. ఆ ఇసుక తీరానికి దగ్గర్లో మందంగా ఉండి త్వరగా ఆగిపోతుంది. సునామీలో ఒక్కో అల పది నిమిషాల నుంచి గంట దాకా సాగుతుంది. అలలు కొన్నే. ఇసుక పలచటి దుప్పటిలా చాలా దూరం లోపలికి వెళ్తుంది, లోపలికి పోయే కొద్దీ సన్నబడుతుంది. అడుగునున్న బురదను పెళ్లలుగా పీకి తనలో కలుపుకుంటుంది. లోతు సముద్రంలో బతికే సూక్ష్మజీవుల గుల్లలు అందులో కనిపించవచ్చు.

పుస్తకంలో ఇది స్పష్టంగానే ఉంటుంది. గుంటలో దిగితే అంత స్పష్టంగా ఉండదు. ఏ ఒక్క గుర్తూ గ్యారంటీ కాదని, ఒకే పొరను ఒకరు సునామీ అంటే ఇంకొకరు తుపాను అన్న సందర్భాలు చాలా ఉన్నాయని ఈ రంగంలో అందరూ ఒప్పుకుంటారు. వాదన తీరాలంటే తెలిసిన తుపాను ఇసుక, తెలిసిన సునామీ ఇసుక రెండూ ఉన్న తీరం కావాలి, పోల్చి చూడటానికి. నాకు అనిపించేదేమంటే, మన తూర్పు తీరం విలువ అక్కడే ఉంది. ఇక్కడ రెండూ తేదీలతో సహా తెలుసు.

రాయి మిగులుతుంది, బురద మిగలదు

ఇప్పుడు కాపాడే సంగతి. బ్రిటన్‌లో భూగర్భ స్థలాలను కాపాడేటప్పుడు వాటిని రకాలుగా విడదీస్తారు. అందులో రెండు మనకు పనికొస్తాయి. కొన్ని చోట్ల విలువైన రాయి కొండ లోపల ఇంకా చాలా ఉంటుంది, మనకు కావలసింది అది కనిపించే ముఖం మాత్రమే. వీటిని ఎక్స్‌పోజర్ సైట్లు అంటారు. ఇంకొన్ని చోట్ల ఉన్నదే అంత. తీస్తే అయిపోతుంది. ఇవి ఫైనైట్ సైట్లు.

తిరుమల ఘాట్ రోడ్డులో కనిపించే ఎపార్కియన్ అసంగతం మొదటి రకం. అసంగతం అంటే, మధ్యలో చాలా కాలం తప్పిపోయిన రెండు రాతి పొరలు కలిసే గీత. కింద చాలా పాత గ్రానైట్, పైన నగరి క్వార్ట్‌జైట్, రెంటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ, అంటే జీఎస్‌ఐ, దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. తమాషా ఏమంటే, ఆ గీత అంత చక్కగా కనిపిస్తున్నది రోడ్డు కోసం కొండను కోశారు కాబట్టే. రేపు అక్కడ ఒక మీటరు రాయి రాలిపోయినా వెనక అదే గీత కొనసాగుతుంది. రాయిని గోడ కట్టి మూసేయకుండా చూసుకుంటే చాలు.

సునామీ ఇసుక రెండో రకం. అది పల్లంలో ఒక్కసారి పడింది. తవ్వేస్తే వెనక ఇంకోటి ఉండదు. కాబట్టి కొండకు పనికొచ్చే నియమం ఇక్కడ తిరగబడుతుంది. అక్కడ తవ్వకం వల్ల మేలు జరిగింది, ఇక్కడ తవ్వకమే ముప్పు. స్కాట్లాండ్‌లో మాంట్రోజ్ దగ్గర సుమారు 8,150 ఏళ్ల నాటి సునామీ ఇసుక నది గట్టులో బయటికి కనిపిస్తుంది. అలాంటి చోటు రెండు రకాలకూ మధ్యలో ఉంటుంది. గట్టు కొంచెం కొంచెం కోసుకుపోతేనే పొర శుభ్రంగా కనిపిస్తుంది, మరీ కోసుకుపోతే పొరే పోతుంది. అక్కడ కోత ఆపాలని రాళ్లు పేరిస్తే నది నుంచి కాపాడినట్టవుతుంది కానీ చూసే వీలు పోతుంది.

పోగొట్టేవి ఏవి

పులికాట్, దాని చుట్టుపక్కల తీరాన్ని చూస్తే ఈ జాబితా ఊహించుకోనక్కర్లేదు. సముద్ర మట్టం ఇప్పటి స్థాయికి దగ్గరగా వచ్చి సుమారు 6,000–7,000 ఏళ్లయింది. ఆ తర్వాత పేరుకున్న ఇసుక దిబ్బల వరసలు, వాటి మధ్య పల్లాలు, సరస్సు అడుగు బురద, ఇలాంటి చోట్లే ప్రపంచంలో ఎక్కడైనా శాస్త్రవేత్తలు ముందు వెతికేవి. నెల్లూరు, తిరుపతి జిల్లాల సరిహద్దులో అవే దిబ్బల ఇసుకను సిలికా కోసం తవ్వుతారు. గాజుకూ, ఫౌండ్రీలకూ అది పోతుంది. పల్లాలు రొయ్యల గుంటలవుతాయి. సరస్సు మట్టిలోని పాత గుల్లను సున్నానికి తీసేవారు. 19వ శతాబ్దంలో తవ్విన బకింగ్‌హాం కాలువ ఈ తీరం పొడవునా పోతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా కట్టిన రోడ్డు నీటి నడకను మార్చింది. నీటి నడక మారితే బురద పేరుకునే తీరు మారుతుంది.

మనుషులు ఏమీ చేయకపోయినా రికార్డు చెరిగిపోతుంది. ఎండ్రకాయలు బొరియలు చేసి పొరలను కలిపేస్తాయి. చెట్ల వేళ్లూ అంతే. 2004 ఇసుక చాలా చోట్ల కొన్ని వానాకాలాల్లోనే గుర్తుపట్టలేనట్టు అయిపోయింది. శాస్త్రవేత్తలు తవ్వే కందకం కూడా నష్టమే. మంచి పల్లం చిన్నదైతే, నాలుగు బృందాలు నాలుగుసార్లు తవ్వాక ఐదో బృందానికి ఏమీ మిగలదు.

చట్టం దేన్ని చూస్తుంది

మన దేశంలో గుడికీ కోటకీ 1958 నాటి పురావస్తు చట్టం ఉంది. సాళువన్‌కుప్పం గుడి గోడలు దాని కిందికి వస్తాయి. గోడ పక్కన గట్టులోని ఇసుక పొరకు విడిగా విలువ లేదు. జీఎస్‌ఐ భూగర్భ స్మారకాలను గుర్తిస్తుంది కానీ గుర్తింపుకు వెనక శిక్ష వేసే చట్టం లేదు. ఎర్రమట్టి దిబ్బలకు గుర్తింపు ఉన్నా 2024 జులైలో అక్కడ జరిగిన తవ్వకాల మీద ఎంత గొడవైందో పేపర్లలో చూశాం.

తీర నియంత్రణ మండలి నిబంధనలు, అంటే సీఆర్‌జెడ్, ఇసుక తిన్నెలను, మడ అడవులను, బురద మైదానాలను సున్నితమైన చోట్లుగా చూస్తాయి. కొంత రక్షణ అలా దొరుకుతుంది. అయితే సముద్రపు ఒడ్డున ఆ పరిధి పోటు రేఖ నుంచి లోపలికి 500 మీటర్లే. పోటు నీళ్లు వచ్చే కయ్యలు, కాలువల వెంబడి 2019 నోటిఫికేషన్ దాన్ని 50 మీటర్లకు, లేదా కాలువ వెడల్పుకు, ఏది తక్కువైతే దానికి కుదించింది. పాత సునామీ ఇసుక బాగా మిగిలేదేమో కిలోమీటర్ల లోపలి పల్లాల్లో. బోర్డరు గీత ఇవతల రక్షణ, అవతల రికార్డు.

వన్యప్రాణి చట్టం వేరే దారిలో సాయం చేస్తుంది. పులికాట్ పక్షుల అభయారణ్యం కాబట్టి ఫ్లెమింగోల కోసం నీళ్లను కాపాడితే కింద బురద కూడా కొంత క్షేమం. ఇంకోటి ఎవరూ అనుకోని రక్షణ. శ్రీహరికోట దీవిలో రాకెట్ కేంద్రం ఉంది కాబట్టి అక్కడికి టిప్పర్లు వెళ్లవు. నన్నడిగితే, ఈ తీరంలో ఇసుక దిబ్బలకు దొరికిన గట్టి కాపలా అదే. అది ఇసుక కోసం పెట్టింది కాదు.

గనుల శాఖ 2022 డిసెంబరులో భూగర్భ వారసత్వ స్థలాల బిల్లు ముసాయిదా పెట్టింది. అధికారమంతా జీఎస్‌ఐకి, కేంద్రానికి ఇవ్వడమేంటని కొందరు శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. రాష్ట్రాలు, విశ్వవిద్యాలయాలు, స్థానికులు ఉన్న స్వతంత్ర సంస్థ కావాలన్నది వాళ్ల వాదన. దేశమంతా సిబ్బంది, మ్యాపులు ఉన్నది జీఎస్‌ఐకే, కొత్త సంస్థ పెడితే పదేళ్లు పడుతుంది అన్నది అవతలి వాదన. రెండింట్లోనూ పస ఉంది.

కాపాడాలా, రాసిపెట్టి వదిలేయాలా

అసలు అంత కష్టపడటం ఎందుకు అనే వాళ్లకు జపాన్‌లో ఒక జవాబు ఉంది. 869లో జోగన్ సునామీ సెండాయ్ మైదానంలోకి వచ్చిందని పాత రాతల్లో ఉంది. ఆ ఇసుక ఇప్పటి తీరం నుంచి కిలోమీటర్ల లోపల వరి పొలాల కింద దొరికింది. 2009లో ఒక ప్రభుత్వ కమిటీలో యుకినోబు ఒకమురా అనే శాస్త్రవేత్త ఆ పొరను చూపించి, ఫుకుషిమా అణు కేంద్రం లెక్కల్లో జోగన్ ఎందుకు లేదని అడిగారు. 2011 మార్చి 11న మహా సునామీ వచ్చి ఆ కేంద్రాన్ని ముంచేదాకా ఏమీ మారలేదు. అదే తీరంలో ఒనగావా అణు కేంద్రాన్ని పాత సునామీలను లెక్కలోకి తీసుకుని 14.8 మీటర్ల ఎత్తులో కట్టారు. భూకంప కేంద్రానికి దగ్గరగా ఉన్నా అది నిలబడింది. మన దగ్గరా 2004లో కల్పాక్కం పంపుహౌస్‌లోకి నీళ్లు వచ్చి ఒక యూనిట్ ఆపాల్సి వచ్చింది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తోంది. వచ్చే అల సంగతి అది చెబుతుంది. వెయ్యేళ్లలో ఒకసారి వచ్చేది ఎంత పెద్దదో మట్టినే అడగాలి.

అవతలి వైపు మాట కూడా తేలిగ్గా తీసేసేది కాదు. రెండెకరాల ఉప్పు నేలలో వరి పండదు, రొయ్యలు పండుతాయి. అక్కడ నేల కింద ఇసుక పొర ఉంది, తవ్వొద్దు అంటే రైతు నష్టం ఎవరు కడతారు? పైగా ఆ పొరను గుర్తుపట్టాలంటే నిపుణులు కావాలి, వాళ్లలోనే ఏకాభిప్రాయం ఉండదు. తీరమంతా అనుమానపు స్థలమే అని గీతలు గీస్తే అది రక్షణ కాదు, ఇంకో పర్మిషన్ కాగితం.

అందుకే మధ్యే మార్గంగా ఒక మాట వినిపిస్తుంది: ఆపొద్దు, తవ్వేముందు రికార్డు తీసుకుని వదిలేయండి. పల్లంలో కోర్లు, అంటే గొట్టంతో నిలువునా తీసిన మట్టి కడ్డీలు, తీసి సుమారు 4 డిగ్రీల చల్లదనంలో దాచొచ్చు. కందకం గోడకు జిగురు పూసి, గుడ్డ అంటించి, ఎండాక లాగితే పొరల పలచటి ముఖం ఉన్నదున్నట్టు ఊడి వస్తుంది. దాన్ని పీల్ అంటారు. మ్యూజియంలో గోడకు తగిలించొచ్చు. ఖర్చు తక్కువ, రైతుకు ఇబ్బంది లేదు. జపాన్‌లో అవాజీ దీవి మీద 1995 భూకంపానికి చీలిన నోజిమా ఫాల్టును, అంటే నేల పగులును, మాత్రం ఉన్నచోటే పైకప్పు వేసి 1998 నుంచి చూపిస్తున్నారు. అదొక ఖరీదైన దారి, అన్నిచోట్లా కుదరదు.

కోర్ తీసి వదిలేయడంలో ఉన్న లోటు ఇంకోటి. పాతికేళ్ల కిందట ఎవరూ చేయని పరీక్షలు ఇప్పుడు చేస్తున్నారు, ఇంకో పాతికేళ్లకు ఇంకేవో వస్తాయి. దాచిన కోర్ ఎండిపోతుంది, వాడినకొద్దీ తరిగిపోతుంది. అన్నింటికంటే ముఖ్యంగా, ఒక కోర్ ఒక చోటు సంగతే చెబుతుంది. అల ఎంత దూరం లోపలికి వచ్చిందో, ఎంత ఎత్తున వచ్చిందో తేలాలంటే తీరం నుంచి లోపలికి ఒకే వరసలో పది పన్నెండు చోట్ల అదే ఇసుకను పట్టుకోవాలి. ఎక్కడ సన్నబడింది, ఎక్కడ ఆగింది అన్నదే అసలు సమాచారం. ఆ వరస చివరి పల్లాల్లో ఇప్పటికే గుంటలు పడి ఉంటే, అల అక్కడే ఆగిందా, ఇంకా రెండు కిలోమీటర్లు పోయిందా అన్నది ఎన్ని కోర్లు తీసినా తేలదు.